ఆన్‌లైన్ గణిత బోధన మదింపు (ఉత్తర తెలంగాణ)

ఆన్‌లైన్ గణిత బోధన మదింపు అనగా కళాశాల స్థాయి గణితాన్ని టీవీ, కంప్యూటరు, సెల్‌ఫోను వంటి సాధనాల ద్వారా దూరం నుండి బోధించినపుడు ఆ పాఠం ఎవరికి చేరినది, వారు దానితో ఏమి చేయగలుగుతున్నారు, తరువాతిసారి దేనిని మార్చవలెను అనే విషయాలను అధ్యాపకుడు, కళాశాల పరిశీలించుకొనే పద్ధతి. పరీక్ష పెట్టి మార్కులు వేయడం ఇందులో ఒక భాగం మాత్రమే. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో (2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజన తరువాత ఇవి ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాదు, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు) దూరం నుండి గణితం చెప్పే ప్రయత్నాలు కరోనా కంటే చాలా ముందే మొదలైనవి. కాని ఆ బోధనను ఎలా కొలవాలన్న ప్రశ్న 2021 డిసెంబరులో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఫలితాలు వెలువడినపుడే అందరి ముందుకు వచ్చినది.

పూర్వరంగం

తెలుగులో కళాశాల గణితం చదవడానికి ఆధారం తెలుగు అకాడమీ పుస్తకాలు. 1968లో ఏర్పడిన ఈ సంస్థకు తొలి అధ్యక్షుడు, అప్పట్లో కరీంనగర్ జిల్లా మంథని నుండి శాసనసభ్యుడుగా ఉన్న పి.వి.నరసింహారావు. అవకలనం, సమాకలనం, మాత్రిక, అవధి, పరావలయం వంటి మాటలు ఈ పుస్తకాల ద్వారానే విద్యార్థుల నోట నిలిచినవి.

1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (1991 నుండి డా.బి.ఆర్.అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఏర్పడినది. ఇది దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. అచ్చు పాఠాలను విద్యార్థికి అందించి, అధ్యయన కేంద్రాలలో సెలవు దినాలలో సందేహ నివృత్తి తరగతులు నడపడం దీని పద్ధతి. సింగరేణి గనులలో, దుకాణాలలో, పొలాలలో పని చేసుకొంటూ డిగ్రీ చదవదలచినవారికి ఇది అందుబాటులోకి వచ్చిన దారి. తరువాత 2002లో ఉపగ్రహం ద్వారా పాఠాలు ప్రసారం చేసే మన టీవీ వచ్చినది. తెలంగాణ ఏర్పడిన తరువాత ఇదే టి-సాట్‌గా మారి, విద్య, నిపుణ అనే రెండు చానళ్ళు నడుపుతున్నది.

ఈ పద్ధతులన్నిటిలో పాఠం ఒక వైపే ప్రయాణిస్తుంది. చదువరి పుస్తకంలో ఏమి రాసుకొన్నాడో బోధించినవారికి తెలిసేది సంవత్సరాంత పరీక్షలోనే, అప్పటికి దిద్దుకొనే అవకాశం ఉండదు.

బాసర

ఈ ప్రాంతంలో తెర మీది గణిత పాఠాన్ని పెద్ద ఎత్తున వాడినది గోదావరి ఒడ్డున, జ్ఞాన సరస్వతి ఆలయం ఉన్న బాసరలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మూడు ప్రాంగణాలతో దీనిని స్థాపించినారు. అప్పట్లో బాసర ఆదిలాబాదు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉన్నది. కంప్యూటరు శాస్త్రంలో ట్యూరింగ్ పురస్కారం (1994) పొందిన రాజ్ రెడ్డి దీనికి తొలి కులపతి. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్న గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని ఆరు సంవత్సరాల చదువు చెప్పడం ఉద్దేశం. మొదటి రెండు సంవత్సరాలు ఇంటర్మీడియట్‌కు సమానమైన చదువు, తరువాతి నాలుగు సంవత్సరాలు ఇంజనీరింగు.

విద్యార్థులకు లాప్‌టాప్‌లు ఇచ్చి, ముందుగా చిత్రించిన పాఠాలను వినిపించి, తరగతి గదిలో మెంటర్ అనే సహాయకుని సమక్షంలో లెక్కలు చేయించడం తొలి బ్యాచ్‌ల నాటి పద్ధతి. తెర చెప్పుతుంది, మనిషి చూస్తాడు అన్నమాట. ఒక లెక్కలో పదిమంది ఒకే చోట ఆగిపోతే ఆ సంగతి మెంటర్‌కు అప్పటికప్పుడు తెలుస్తుంది. పాఠం దూరం నుండి వచ్చినా నోటుపుస్తకం మాత్రం దగ్గరలోనే ఉన్నది. పన్నెండేళ్ళ తరువాత కరోనా కాలంలో సాధారణ కళాశాలలకు లేకుండా పోయినది ఈ రెండవ భాగమే. అందుకే బాసరను, 2020 నాటి ఆన్‌లైన్ తరగతులను ఒకే గాటన కట్టడం సరికాదు.

2020-21 విద్యా సంవత్సరం

2020 మార్చి మధ్యలో రాష్ట్రంలోని విద్యాసంస్థలు మూతపడినవి. ఆ సెప్టెంబరులో ఇంటర్మీడియట్ తరగతులు దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ప్రసారాల ద్వారా మొదలైనవి. వీటికి తోడుగా ఎక్కడికక్కడ అధ్యాపకులు వాట్సాప్ బృందాలు ఏర్పరచి, ఆన్‌లైన్ సమావేశాలు నడిపినారు. కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం (2008), వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయం (1976) పరిధిలోని డిగ్రీ కళాశాలలలో కూడా తరగతులు ఇదే దారి పట్టినవి. 2021 ఫిబ్రవరి 1న కళాశాలలు తెరచుకొని, మార్చి 24న మళ్ళీ మూతపడినవి. అనగా ఆ సంవత్సరం ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థి అధ్యాపకుని ఎదుట కూర్చున్నది రెండు నెలల లోపే.

పాఠం అందినవారిలోనూ అందిన తీరు ఒకటి కాదు. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో అంతర్జాల సౌకర్యం ఉన్నవి 14.9 శాతం మాత్రమే. ఉట్నూరు, ఆసిఫాబాదు వైపు అడవి పల్లెలలో ఫోను ఉన్నా సిగ్నలు ఉండని చోట్లు ఎన్నో. గుట్ట మీదికో చేను గట్టుకో పోయి పాఠం వినవలసి వచ్చినది. ఇంటిలో ఒకే ఫోను ఉంటే అది పొద్దున తండ్రితో పనికి వెళ్ళుతుంది. ఇద్దరు పిల్లలు చదువుతుంటే తరగతి ఒకరిదే సాగుతుంది. గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ళ నుండి వచ్చినవారికి తెలుగులోని గణిత పరిభాషే ఒక మెట్టు. సగం ఇంగ్లీషులో సాగే తెర పాఠం మరొక మెట్టు.

గణితంలో ఏమి కనపడదు

అన్ని విషయాలలోనూ ఆన్‌లైన్ బోధనకు ఇబ్బందులున్నా, గణితంలో ఒక ప్రత్యేకత కలదు. చరిత్ర పాఠం సగం విన్నవాడికి సగం కథ తెలుస్తుంది. లెక్కలో మూడవ మెట్టు తప్పినవాడికి తరువాతి మెట్లన్నీ తప్పే. ఆ తప్పు ఎక్కడ జరిగినదో జవాబును చూసి చెప్పలేము, మధ్యలోని వరుసలు చూడవలెను.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో అవధుల పాఠం నుండి ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒక సంఖ్య యొక్క పరమమూల్యాన్ని అదే సంఖ్యతో భాగిస్తే, ఆ సంఖ్య సున్నాను కుడివైపు నుండి సమీపించినపుడు అవధి 1, ఎడమవైపు నుండి సమీపించినపుడు అవధి -1. రెండూ వేరు గనుక సున్నా వద్ద అవధి లేదు. చాలామంది రెండు వైపులా 1 అని రాస్తారు. కారణం అవధి తెలియకపోవడం కాదు. రుణ సంఖ్య యొక్క పరమమూల్యం దాని గుర్తు మార్చగా వచ్చేదన్న సంగతి కింది తరగతులలోనే గట్టిపడలేదు. బెంచీల మధ్య నడుస్తున్న అధ్యాపకుడు నాలుగు పుస్తకాలు చూసేసరికి ఈ విషయం పసిగట్టి, బోర్డు దగ్గరకు తిరిగి వచ్చి సంఖ్యారేఖ గీస్తాడు. సెల్‌ఫోను తెరలో అధ్యాపకునికి కనిపించేవి పేర్లు, మూసి ఉన్న కెమెరాలు. సమజైందా అని అడిగితే సమజైంది సార్ అనే జవాబు వస్తుంది. నిజమైన తరగతిలోనూ ఇదే జవాబు వచ్చేది కాని, అక్కడ దానిని నమ్మవలసిన అవసరం ఉండేది కాదు.

మదింపు సాధనాలు

మదింపును సాధారణంగా రెండు విధాలుగా చెబుతారు. బోధన నడుస్తుండగా దిద్దుకోవడానికి చేసేది నిర్మాణాత్మక మదింపు. ముగిసిన తరువాత ఫలితం తేల్చడానికి చేసేది సంగ్రహణాత్మక మదింపు. ఆన్‌లైన్ తరగతులలో రెండవ దానికంటే మొదటిదే కష్టమైనది, మొదటిదే అవసరమైనది కూడా.

బహుళైచ్ఛిక ప్రశ్నలు పెట్టడం అన్నిటికంటే సులభం. దిద్దే పని కంప్యూటరుదే. అయితే నాలుగేసి ఎంపికలున్న ఇరవై ప్రశ్నలకు ఏమీ చదవకుండా గుర్తులు పెట్టినా సగటున ఐదు సరిపోతాయి. పైగా ఇంటి వద్ద రాసే పరీక్షలో జవాబు ఎవరిదో తెలియదు. పాఠం విన్నారా లేదా అని తెలుసుకొనే వరకు ఈ ప్రశ్నలు పనికివస్తాయి, అంతకు మించి వీటి నుండి ఏమీ రాబట్టరాదు.

నోటుపుస్తకం పేజీని ఫోటో తీయించి తెప్పించుకోవడం ఇంతకంటే మేలైన పద్ధతి. సిగ్నలు బలహీనంగా ఉన్నచోట వీడియో పాఠం నడవకపోయినా ఒక ఫోటో ఎప్పుడో ఒకప్పుడు చేరుతుంది. ఇందులో మెట్లు కనపడతాయి, కొట్టివేతలు కూడా కనపడతాయి. విద్యార్థి ఎక్కడ తడబడినాడో చెప్పేవి తరచు ఆ కొట్టివేతలే. అరవై మంది తరగతిలో రోజూ అందరివీ దిద్దడం ఒక అధ్యాపకుని వల్ల కాని పని. రోజుకు పది పేజీలు వంతులవారీగా చూసి, కనిపించిన తప్పులను ఎవరి పేరూ చెప్పకుండా మరునాటి పాఠంలో ప్రస్తావించడం ఆచరణలో సాధ్యం. మూడవది ఫోనులో మౌఖిక పరీక్ష. ఐదు నిమిషాలలో ఒక లెక్కను ఎందుకు అలా చేసినావు అని అడగడం. మామూలు ఫోనుకైనా ఇది సరిపోతుంది గనుక, స్మార్ట్‌ఫోను లేని విద్యార్థిని కూడా లెక్కలోకి తీసుకొనగలిగిన పద్ధతి ఇదొక్కటే.

లెక్కలోకి తీసుకోవడం అన్నది చిన్న విషయం కాదు. ఒక ఊహా తరగతిలో 60 మంది ఉన్నారనుకొందాము. ఆన్‌లైన్ పరీక్ష రాసినవారు 24 మంది, వారి సగటు 20కి 15. ఫలితాలు బాగున్నవని నివేదిక రాయవచ్చును. కాని మిగిలిన 36 మంది సంగతి తెలియదు. వారందరికీ సున్నా వచ్చేదనుకొంటే తరగతి సగటు 6, అందరికీ 20 వచ్చేవనుకొంటే 18. అనగా ఈ పరీక్ష చెప్పగలిగినది తరగతి సగటు 6కు 18కి మధ్య ఎక్కడో ఉన్నదని మాత్రమే. రానివారు వచ్చినవారిలాగే ఉంటారని అనుకొనడానికి ఆధారం ఏమీ లేదు, వ్యతిరేకంగా అనుకొనడానికి ఉన్నది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు కమ్యూనిటీ కళాశాలల విద్యార్థుల వివరాలను కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించినపుడు, ఆన్‌లైన్ తరగతులలో చదువు మధ్యలో మానినవారి వాటా పెరుగుతున్నట్లు, అంతకుముందే మార్కులు తక్కువగా ఉన్నవారు ఎక్కువగా నష్టపోతున్నట్లు తేలినది. అందువలన ఆన్‌లైన్ తరగతి మదింపులో మొట్టమొదట రాయవలసిన అంకె సగటు కాదు, ఎంతమంది నుండి ఏమీ రాలేదన్న అంకె.

విద్యార్థుల అభిప్రాయ పత్రాలు కూడా వాడుకలో ఉన్నవి. మాట వినపడినదా, రాత కనపడినదా, వేగం ఎక్కువైనదా వంటి ప్రశ్నలకు విద్యార్థి చెప్పినదే ప్రమాణం. ఎంత నేర్చుకొన్నారన్న ప్రశ్నకు మాత్రం ఈ పత్రాలు నమ్మదగినవి కావు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో లూయీ డెలోరియర్స్ బృందం 2019లో ప్రచురించిన భౌతికశాస్త్ర తరగతుల అధ్యయనంలో, చక్కని ఉపన్యాసం విన్నవారు తాము ఎక్కువ నేర్చుకొన్నామని భావించినారు. పరీక్షలో ఎక్కువ తెచ్చుకొన్నది మాత్రం స్వయంగా లెక్కలతో కుస్తీ పట్టినవారు. నున్నగా సాగే వీడియో పాఠానికి ఈ హెచ్చరిక మరింతగా వర్తిస్తుంది.

అధ్యాపకుని పునఃపరిశీలన

అనుభవం దానంతట అది పాఠం నేర్పదని, దానిని తిరిగి ఆలోచించినపుడే జ్ఞానమవుతుందన్న భావనను విద్యారంగంలో విస్తరింపజేసినవారు జాన్ డ్యూయీ (1910 నాటి రచన), డొనాల్డ్ షోన్ (1983 నాటి రచన). పని చేస్తూనే సవరించుకోవడం, పని ముగిసిన తరువాత వెనుకకు చూసుకోవడం అని షోన్ రెండుగా విభజించినాడు. ఆన్‌లైన్ గణితంలో మొదటిది దాదాపుగా సాధ్యం కాదు, ఎందుకనగా సవరించుకోవడానికి కావలసిన ముఖాలు ఎదుట లేవు. భారమంతా రెండవ దాని మీదనే పడుతుంది.

దీనికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. పాఠం ముగిసిన రోజే ఒక పుస్తకంలో నాలుగు వరుసలు రాసుకొంటే చాలును: ఎంతమంది చేరినారు, ఎంతమంది చివరి వరకు ఉన్నారు, ఏ మెట్టు వద్ద ప్రశ్నలు వచ్చినవి లేక రావలసి ఉండి రాలేదు, రేపు ఏది తిరిగి చెప్పవలెను. రావలసిన ప్రశ్న రాకపోవడం అన్నింటికంటే విలువైన సూచన. మాత్రికల గుణకారంలో క్రమం మార్చితే ఫలితం మారవచ్చునని చెప్పినపుడు ఎవరూ ఆశ్చర్యపోలేదంటే, పాఠం బాగా వచ్చినదని కాక, వినేవారు లేరని అనుమానించవలెను.

తనను తాను చూసుకొనే అవకాశం కూడా ఆన్‌లైన్ తరగతి ఇస్తుంది. రికార్డు చేసిన పాఠాన్ని తిరిగి చూస్తే, ప్రశ్న వేసిన తరువాత ఎన్ని క్షణాలు ఆగి తానే జవాబు చెప్పినాడో, ఎన్ని వరుసలు నోటితో చెప్పి రాయకుండా వదిలినాడో తెలుస్తుంది. నల్లబల్ల మీద రాసేటపుడు చేతి వేగమే విద్యార్థికి ఊపిరి తీసుకొనే సమయం ఇచ్చేది. ముందే తయారు చేసిన స్లైడులో ఏడు మెట్లు ఒక్కసారిగా ప్రత్యక్షమవుతాయి. అందుకే కాగితం మీద చేత్తో రాస్తుండగా పై నుండి ఫోనుతో చిత్రించిన పాఠం, చూడడానికి అందంగా లేకపోయినా, గణితానికి బాగా నప్పుతుంది.

పరిభాష విషయంలోనూ పరిశీలన అవసరం. ప్రసారంలో లిమిట్ అని విని, తెలుగు అకాడమీ పుస్తకంలో అవధి అని చదివి, పరీక్షలో ఏదో ఒకటి చూసిన విద్యార్థికి ఈ రెండూ ఒకటేనని ఒకరు చెప్పవలెను. చెప్పినామా అన్నది అధ్యాపకుడు వేసుకోవలసిన ప్రశ్న.

2021 ఫలితాలు

2021 జూనులో ద్వితీయ సంవత్సరం పరీక్షలను రద్దు చేసి, ఆ విద్యార్థులకు మొదటి సంవత్సరపు మార్కుల ఆధారంగా ఫలితాలు ప్రకటించి అందరినీ ఉత్తీర్ణులను చేసినారు. 2020-21లో మొదటి సంవత్సరం చదివినవారికి అలా చేయడానికి ఆధారమైన మార్కులే లేవు. వారిని రెండవ సంవత్సరంలోకి పంపి, వాయిదా పడిన మొదటి సంవత్సరం పరీక్షలను 2021 అక్టోబరు 25 నుండి నవంబరు 3 వరకు నిర్వహించినారు. డిసెంబరు 16న ఫలితాలు వెలువడినవి. పరీక్ష రాసిన 4,59,242 మందిలో 2,24,012 మంది, అనగా 49 శాతం ఉత్తీర్ణులైనారు. బాలికలలో 56 శాతం, బాలురలో 42 శాతం. ఫలితాల తరువాత రాష్ట్రంలో కొందరు విద్యార్థులు ఆత్మహత్య చేసుకొన్నారు. విద్యార్థి సంఘాలు ఆందోళనకు దిగినవి. డిసెంబరు 24న విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి, తప్పినవారందరికీ కనీస మార్కులు వేసి ఉత్తీర్ణులుగా ప్రకటిస్తున్నట్లు తెలిపినారు.

ఈ రెండు నిర్ణయాల మధ్య ఎనిమిది రోజులు. మొదటిది సగానికి పైగా విద్యార్థులు తప్పినారని చెప్పినది, రెండవది ఎవరూ తప్పలేదని చెప్పినది. ప్రాణాలు పోతున్న వేళ రెండవ నిర్ణయం తీసుకోవడాన్ని తప్పుపట్టలేము. కాని మదింపు దృష్టితో చూస్తే రెండింటిలో ఏదీ బోధన గురించి ఏమీ చెప్పలేదు. 49 శాతం అన్న అంకెలో పాఠం అందనివారు, అంది అర్థం కానివారు, అర్థమై ఏడాది గడిచేసరికి మరచినవారు, రెండవ సంవత్సరం పాఠాల మధ్య మొదటి సంవత్సరం తిరిగి చదువుకొనే వ్యవధి దొరకనివారు అందరూ కలిసిపోయినారు. వీరిని విడదీయడానికి కావలసినవి ఆ ఏడాది పొడుగునా తీసి ఉంచుకోవలసిన చిన్న చిన్న లెక్కలు: ఎవరు వచ్చినారు, ఎవరు పేజీ పంపినారు, ఎక్కడ ఆగినారు. ఏడాది ముగిసిన తరువాత ఒక్క పరీక్షతో వాటిని రాబట్టడం కుదరదు.

ఉత్తీర్ణత గీత కూడా గణితంలో ఏమంత స్పష్టమైనది కాదు. ఆ కాలపు ఇంటర్మీడియట్ గణిత పత్రాలు ఒక్కొక్కటి 75 మార్కులకు. వాటి మామూలు నమూనాలో రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఐదు, ఏడు మార్కులవి ఐదు రాయవలెను. ఉత్తీర్ణతకు 26 మార్కులు. రెండు మార్కుల ప్రశ్నలన్నీ, నాలుగు మార్కులవి రెండు సరిగా రాస్తే 28 వస్తాయి. ఏడు మార్కుల ప్రశ్నను, అనగా పొడవైన నిరూపణను గాని సాధనను గాని, ఒక్కటి కూడా ముట్టకుండా ఉత్తీర్ణుడు కావచ్చును. 25 వచ్చినవాడు ఒక నిరూపణను చక్కగా రాసి ఉండవచ్చును. రెండవ సంవత్సరంలో సమాకలనం మొదలుపెట్టే అధ్యాపకునికి కావలసినది, ఎవరికి అవకలనం వచ్చును, ఎవరికి రాదు అన్న సమాచారం. ఆ తరగతికి అది దొరకలేదు. అందరికీ ఇచ్చిన కనీస మార్కులు అప్పటికి ఉన్న కొద్దిపాటి తేడాను కూడా చెరిపివేసినవి.

అదే విద్యార్థులు 2022 మేలో రెండవ సంవత్సరం పరీక్షలు రాసినారు. 2021 సెప్టెంబరు నుండి తరగతులు ఎక్కువ భాగం కళాశాలలోనే జరిగినవి, జనవరిలో కొద్ది వారాలు మాత్రం మూతపడినవి. ఆ జూనులో వెలువడిన ఫలితాలలో రెండవ సంవత్సరం ఉత్తీర్ణత సుమారు 67 శాతం, అప్పుడు మొదటి సంవత్సరం చదివినవారిది సుమారు 63 శాతం. 49 నుండి 67కు పెరగడానికి ప్రత్యక్ష బోధనే కారణమని చెప్పడం సులభం. అయితే ఇవి వేరు వేరు సంవత్సరాల పాఠ్యాంశాలు, వేరు ప్రశ్నపత్రాలు, అన్ని విషయాలనూ కలిపిన అంకెలు. గణితం ఒక్కదానిని విడిగా చూడాలంటే రెండు మార్కుల, నాలుగు మార్కుల, ఏడు మార్కుల ప్రశ్నలలో విద్యార్థులు ఎక్కడ ఆగినారో కళాశాల వారీగా పరిశీలించవలెను.